సీసా మీద మిగిలిన 63

రెండేళ్ళ కిందట దసరాకు వరంగల్ వెళ్ళినప్పుడు, బట్టల మధ్య చుట్టి తీసుకెళ్ళిన ఒక వైన్ సీసాను మా నాన్న చేతిలోకి తీసుకొని, వెలుతురుకు పట్టి, ముందు చీటీ, వెనుక చీటీ రెండూ ఓపికగా చూశారు. నాన్న వైన్ తాగరు. కానీ ఇంటికి ఏ వస్తువు వచ్చినా, అది బియ్యమైనా, మామిడిపండైనా, చీరైనా, ఆయన మొదట అడిగేది ఒక్కటే. “ఇది ఏ ఊరిది బిడ్డా?” నేను ఏడేళ్ళుగా ఉంటున్న క్లెర్‌మోఁ-ఫెరాఁ నగరానికి అరగంట దూరంలో, నేను ఎన్నోసార్లు నడిచిన కొండవాలులో పండిన ద్రాక్షతో చేసిన వైన్ అది. ఆ వాలు పేరు తెలుసు, ఆ తోటను కత్తిరించే మనిషి తెలుసు. అయినా సీసా మీద ఊరిని చూపించమంటే చూపించలేకపోయాను. ‘వాఁ ద ఫ్రాఁస్’, అంటే ఫ్రాన్సు వైన్ అని మాత్రం రాసి ఉంది. కింద సన్నటి అక్షరాల్లో, 63తో మొదలయ్యే అయిదంకెల పోస్టల్ కోడ్ ఒకటి ఉంది. ప్యుయి ద దోమ్ జిల్లా సంఖ్య 63. పుట్టిన చోటు గురించి ఆ సీసా చెప్పగలిగింది అంతే.

ఫ్రాన్సు నడిబొడ్డున ఉన్న ఓవెర్న్ ప్రాంతంలో, పురుగుమందులు వాడకుండా పండించిన ద్రాక్షను పండు మీద ఉండే ఈస్ట్‌తోనే పులియబెట్టి, వైన్ చెడిపోకుండా వేసే గంధకం కలపకుండానో, కలిపినా చిటికెడుతో సరిపెట్టో వైన్ చేసేవాళ్ళు పదుల సంఖ్యలో ఉన్నారు. వీటిని సహజ వైన్లు అంటారు. వీటిలో పేరున్న సీసాలు చాలావరకు ఓవెర్న్ అన్న మాట లేకుండానే పారిస్‌కూ, టోక్యోకూ, న్యూయార్క్‌కూ వెళ్తున్నాయి. నేలను అందరికంటే దగ్గరగా పట్టుకొని పనిచేసే మనుషుల సీసాల మీదే ఆ నేల పేరు లేకపోవడం అన్యాయమని నేను నమ్ముతున్నాను.

ముందుగా అగ్నిపర్వతం సంగతి తేల్చుకోవాలి. ఈ వైన్ల గురించి ఎవరు మాట్లాడినా అక్కడే మొదలుపెడతారు. క్లెర్‌మోఁ-ఫెరాఁకు పడమర దిక్కున ఎనభై దాకా అగ్నిపర్వతాలు ఉత్తరం నుంచి దక్షిణానికి వరుసగా నిలబడి ఉంటాయి. వాటిలో ఎత్తైన ప్యుయి ద దోమ్ 1,465 మీటర్లు. ఊళ్ళో ఏ వీధి చివర నిలబడినా అదే కనిపిస్తుంది. 2018లో యునెస్కో ఈ వరుసను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇవి చల్లారిన అగ్నిపర్వతాలన్న సంగతి పద్దెనిమిదో శతాబ్దం దాకా లోకానికి తెలియదు. 1751లో గెతార్ అనే శాస్త్రవేత్త ఈ దారిన వెళుతూ, రోడ్డు పక్కన పాతిన నల్లరాళ్ళను చూసి ఇది లావా అని పోల్చుకొని, రాయి ఎక్కడిదని అడుగుతూ వోల్విక్ గనుల దాకా వెళ్ళాడు. ఆయన కూడా మా నాన్న ప్రశ్నే వేశాడన్నమాట. క్లెర్‌మోఁ పెద్ద చర్చిని కట్టింది ఆ రాతితోనే. వానకు తడిసిన రోజున అది కొత్తగా నూనె రాసిన ఇనుప పెనంలా నిగనిగలాడుతుంది.

అయితే పోస్టర్ల మీద కనిపించే ఆ గుండ్రటి పచ్చని శిఖరాల మీద ద్రాక్ష లేదు. అక్కడ ఎత్తు ఎక్కువ, చలి ఎక్కువ. తోటలన్నీ తూర్పున, లిమాన్య్ మైదానం అంచున, సుమారు 350 నుంచి 550 మీటర్ల ఎత్తులో ఉన్న పాత కొండల వాలులో ఉంటాయి. ఆ కొండల నెత్తిన ఉన్న నల్లరాయి, పడమటి శిఖరాల వరుస కంటే లక్షల ఏళ్ళు పాతది. దాని కింద సున్నపు మట్టి. కొన్నిచోట్ల లావా తడి బురదలోకి చొచ్చుకుపోయి, రెండూ కలిసి పగిలి గట్టిపడిన ‘పెపెరీట్’ అనే రాయి కనిపిస్తుంది. చేతిలోకి తీసుకుంటే నువ్వులు, బెల్లం కలిపి కొట్టిన ముద్దలా నల్లటి ముక్కలు, లేత రంగు మట్టి కలగలిసి ఉంటాయి. కాబట్టి ‘అగ్నిపర్వతపు నేల’ అని ఒక్క మాటలో చెప్పేది నిజానికి తోటతోటకూ మారే నేల.

ఈ వైన్లలో పొగ వాసన, రాతి రుచి, అగ్గిపుల్ల గీసిన ఘాటు ఉంటాయని, అవన్నీ లావా నుంచి వచ్చాయని రాసేవాళ్ళతో నేను ఏకీభవించలేను. వేరు పీల్చుకునేది నీటిలో కరిగిన లవణాలను. రాతికి ఉన్న గుణం నేరుగా పండులోకి ఎక్కదు. ఆదిలాబాద్ నల్లరేగడి కూడా లావా నుంచి పుట్టిందే, అయినా అక్కడి జొన్నరొట్టెలో అగ్నిపర్వతం తగులుతోందని మనలో ఎవరూ అనరు. నేల చేసే మేలు వేరు. నల్లరాయి ఎండను పట్టి ఉంచుతుంది. వాలు నీటిని నిలవనివ్వదు. పడమటి మేఘాలను పర్వతాల వరుస ఆపేయడం వల్ల క్లెర్‌మోఁలో ఏడాదికి 600 మిల్లీమీటర్ల లోపే వాన పడుతుంది. అనంతపురం సగటు 550 దరిదాపుల్లో ఉంటుందని గుర్తు చేసుకుంటే, ఫ్రాన్సులాంటి దేశంలో అది ఎంత తక్కువో మనకు అర్థమవుతుంది. తడి తక్కువైతే బూజు తెగుళ్ళు తక్కువ. తెగుళ్ళు తక్కువైతే మందులు లేకుండా సాగు చేయడానికి కొంత వీలు దొరుకుతుంది. ఈ వైన్లలో అగ్నిపర్వతం వాటా అది. మిగతాది మనుషుల పని. గొప్పంతా అగ్నిపర్వతానికే కట్టబెట్టినప్పుడు, కనుమరుగయ్యేది ఆ మనుషులే.

పందొమ్మిదో శతాబ్దం చివర ఈ ఒక్క జిల్లాలో 40,000 హెక్టార్లకు పైగా ద్రాక్ష ఉండేది. ఫిలోక్సెరా అనే వేరుపురుగు దక్షిణ ఫ్రాన్సు తోటలను తినేస్తున్న కాలంలో అది ఇక్కడికి ఆలస్యంగా చేరడంతో, దేశానికి కావలసిన వైన్ కోసం ఓవెర్న్ రైతులు కొండలన్నీ నాటేశారు. 1890లలో పురుగు ఇక్కడికీ వచ్చింది. తరువాత బూజు తెగులు, ఆ తరువాత 1914 యుద్ధం. యుద్ధానికి వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. తిరిగి వచ్చినవాళ్ళకు క్లెర్‌మోఁలోని మిషెలిన్ టైర్ల ఫ్యాక్టరీలో నెల జీతం దొరికింది. వడగండ్లకు, మంచుకు భయపడనక్కర్లేని జీతం. కొండలు ఖాళీ అయ్యాయి. ఈనాడు ఈ ప్రాంతానికి చట్టం ఇచ్చిన ‘కోత్ ద ఓవెర్న్’ పేరు కింద సాగయ్యేది కొన్ని వందల హెక్టార్లు మాత్రమే.

అయితే ఫ్యాక్టరీకి వెళ్ళినవాళ్ళందరూ తోటను పూర్తిగా వదల్లేదు. షిఫ్టు దిగి వచ్చి, ఆదివారాలు కొడుకును వెంటబెట్టుకొని, అరెకరమో ఎకరమో ఇంటి వైన్ కోసం సాగు చేసుకున్న కార్మికులు చాలామంది ఉన్నారు. అమ్మే వైన్ కాదు గనుక దిగుబడి పెంచాలన్న తొందర వాళ్ళకు లేదు. పాత తీగలను పీకి కొత్త రకాలు నాటాలన్న ఒత్తిడీ లేదు. ఆ చిన్నచిన్న ముక్కల్లోనే ‘గమే దోవెర్న్’ అనే స్థానిక ద్రాక్ష, వంకర్లు తిరిగిన ముసలి తీగలుగా బతికిపోయింది. నా మొదటి ఇంటి పక్కన ఉండే పెద్దాయన అలాంటి కార్మికుడే. ఎనభై దాటిన వయసులో, మార్చి నెలలో, తన తోటలో తీగ ఎలా కత్తిరించాలో నాకు చూపించారు. కత్తెర పెట్టేముందు ఆయన ప్రతి తీగ దగ్గరా ఆగి, బొటనవేలితో మొగ్గను తడిమి, రెండేళ్ళ తరువాత కొమ్మ ఎటు పోతుందో చూసుకొనేవారు. నేను తొందరపడి ఒకటి కోసేస్తే ఏమీ అనలేదు. కోసిన చోటును మాత్రం చాలాసేపు చూశారు. ఆయన తరువాత ఆ ముక్కను సహజ వైన్ చేసే ఒక యువకుడు కౌలుకు తీసుకున్నాడు.

సహజ వైన్ ఇక్కడ నిలదొక్కుకోవడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. ఖరీదైన వైన్లకు పేరుపడ్డ బుర్గోఞ్ ప్రాంతంలో ఒక ఎకరం కొనాలంటే జన్మంతా అప్పు తీర్చాలి. ఇక్కడ వారసులు లేని ముసలి తోటలు చవకగా దొరికాయి. సాఁ జోర్జ్ స్యుర్ అలియేలో జాఁ మోపెర్తుయి, మోఁతెగ్యు ల బ్లాఁలో పియెర్ బోజే ఈ దారిలో ముందు నడిచినవాళ్ళు. ఓర్సేలో మరీ, వాఁసాఁ త్రికో దంపతులు ఈ శతాబ్దం మొదట్లో చేపట్టిన తోటను అంతకుముందున్న రైతు కూడా రసాయనాలు లేకుండానే సాగు చేశాడు. గ్లెన్ మోఁతెగ్యులో పాత్రిక్ బుజూ కంప్యూటర్ ఇంజనీరు ఉద్యోగం చేసుకుంటూనే కొద్దికొద్దిగా ముసలి తోటలను పోగుచేసి, తరువాత పూర్తిగా వైన్‌లోకి వచ్చారు. బోజే చేసే వైన్ ఎంత తక్కువంటే, ఆ సీసా కోసం దుకాణాల వాళ్ళు ఏడాదంతా ఎదురుచూస్తారు. వీళ్ళలో ఎవరికీ విశాలమైన కోటలు లేవు. నేను చూసిన సెల్లార్లలో ఎక్కువ భాగం పాత ఇంటి కింద తవ్విన గదులు. తల వంచి దిగాలి, నేల తడిగా ఉంటుంది, గోడకు చేయి ఆనిస్తే చల్లగా నల్లరాయి తగులుతుంది.

ఒక సెప్టెంబరులో అలాంటి ఒక సెల్లార్‌లో నేను పది రోజులు పనిచేశాను. పొద్దున్నే కోసిన గుత్తులను చిదపకుండా, కాడలతో సహా తొట్టిలో నింపి మూత వేస్తాము. అడుగున బరువుకు చితికిన పండ్ల రసం పులవడం మొదలై, వచ్చిన బొగ్గుపులుసు వాయువు తొట్టినంతా నింపుతుంది. గాలి అందని ఆ చోట, చితకని పండ్లు లోలోపలే మారడం మొదలుపెడతాయి. ఆరో రోజున రైతు మూత తీసి, చేయి లోపలికి పెట్టి, ఒక గుత్తి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. పండు చూడటానికి కోసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, తొక్క మాత్రం కొంచెం వదులైంది. నోట్లో వేసుకొని నొక్కితే గోలీ సోడా తాగినట్టు నాలుక మీద చుర్రుమని పొంగింది. తీపి సగం పోయింది, స్ట్రాబెర్రీలాంటి వాసన ఒకటి కొత్తగా వచ్చింది. బయటి నుంచి ఎవరూ ఏమీ కలపలేదు.

ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది మా అమ్మమ్మ ఊళ్ళో తాటివనం. మోకు నడుముకు చుట్టుకొని చెట్టు దిగిన గౌడ తాత, లొట్టి వంచుతూ, “పొద్దుగాల తియ్యగుంటది బిడ్డా, పగటీలికి పులుస్తది” అనేవాడు. ఈస్ట్ అన్న మాట ఆయనకు తెలియకపోవచ్చు. కానీ గాలిలో, లొట్టిలో, చెట్టు గాటులో ఉన్నదేదో ఆ రసాన్ని గంటగంటకూ మారుస్తుందని, ఆ మార్పును తొందరపెట్టకూడదని, దాచకూడదని ఆయనకు తెలుసు. అదే కల్లు పేరుతో పట్టణాల దుకాణాల్లో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలమ్ కలిపిన నీళ్ళు అమ్మి ఎన్ని కుటుంబాలను ముంచారో తెలంగాణలో పుట్టిన ఎవరికీ చెప్పనక్కర్లేదు. మామూలు వైన్‌లో వేసేవి అలాంటి విషాలు కావు, ఆ రెండింటినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. తాగేవాడికి తన గిన్నెలో ఏముందో తెలియాలన్న పట్టుదల మాత్రం నాకు అక్కడి నుంచే వచ్చింది.

ఐరోపా చట్టం మామూలు వైన్‌లో కలపనిచ్చే పదార్థాల జాబితా చాలా పొడవైనది. ప్రయోగశాలలో పెంచిన ఈస్ట్, దానికి మేతగా అమ్మోనియం ఫాస్ఫేట్, పులుపుకు టార్టారిక్ ఆమ్లం, వగరుకు టానిన్ పొడి, నునుపుకు తుమ్మజిగురు జాతికి చెందిన బంక, కొన్ని ప్రాంతాల్లో చక్కెర. తీపి లేని ఎర్ర వైన్‌లో గంధకం లీటరుకు 150 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. సేంద్రియ ఎర్ర వైన్‌కు ఆ హద్దు 100. 2020లో ఫ్రాన్సులో రైతులు ఒప్పించి తెచ్చుకున్న ‘వాఁ మెతోద్ నత్యుర్’, అంటే సహజ పద్ధతి వైన్ అనే నియమావళి ప్రకారం అది 30 దాటకూడదు, చేత్తో కోయాలి, తోట సేంద్రియమై ఉండాలి, ఈస్ట్ సహజమైనదే కావాలి. వైన్‌లో వేసిన పదార్థాలను కొనేవాడికి చెప్పి తీరాలన్న ఐరోపా నియమం అమల్లోకి వచ్చింది 2023 డిసెంబరులో. బిస్కెట్ పొట్లానికి ఎన్నో ఏళ్ళుగా ఉన్న నియమం వైన్‌కు అప్పటిదాకా లేదు.

సహజ వైన్లన్నీ మంచివని నేను చెప్పడం లేదు. పాడైన సీసాలు నేను చాలా తాగాను. అన్నిటికంటే బాధపెట్టేది ‘ఎలుక రుచి’ అని ఇక్కడివాళ్ళు పిలిచే దోషం. గ్లాసులో వాసన చూస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే వైన్ పులుపులో ఆ పదార్థం ఆవిరి కాదు. మింగిన తరువాత, లాలాజలం ఆ పులుపును తగ్గించాక, పది పదిహేను సెకన్లకు గొంతు వెనుక నుంచి ఎలుకల బోను వాసన లేస్తుంది. దీనికి కారణమయ్యే పదార్థాలలో ఒకటి 2-అసిటైల్-1-పైరోలిన్. బాస్మతి అన్నానికి కమ్మదనం ఇచ్చేది కూడా అదే. తెలుగు ముక్కుకు ఇది విచిత్రమైన అనుభవం. మొదట కొత్త బియ్యం గంజిలా అనిపించి, క్షణంలో మాడిన పేలాల్లా మారి, ఆ తరువాత ఎంత నీళ్ళు తాగినా వదలదు. చిటికెడు గంధకం వేసి ఉంటే చాలావరకు ఇది రాదు. ఇలాంటి సీసాను ‘ఇది సహజం’ అని సమర్థించి అమ్మే దుకాణదారు మీద నాకు గౌరవం లేదు. దోషం దోషమే. నేను గౌరవించే రైతులు అలాంటి పీపాను పక్కన పెట్టి, ఒక్కోసారి రెండేళ్ళు ఆగుతారు, ఎందుకంటే కాలం గడిస్తే ఆ రుచి తగ్గిపోవచ్చు. రెండేళ్ళు అమ్మకుండా ఆగడమంటే చిన్న రైతుకు ఏమిటో మనకు తెలుసు.

ఇక పేరు సంగతి. 2011లో కోత్ ద ఓవెర్న్‌కు అపెలాసియోఁ హోదా వచ్చింది. షాఁత్యుర్గ్, షాతోగే, కోరాఁ, బూద్, మదార్గ్ అనే అయిదు చోట్ల పేర్లను దానికి జతచేసుకోవచ్చు. మన పోచంపల్లి ఇకత్‌కు, తాండూరు కందిపప్పుకు ఉన్న భౌగోళిక గుర్తింపు లాంటిదే ఇది, కాకపోతే నియమాలు ఇంకా కఠినం. ఎర్ర వైన్‌లో ఎక్కువ వాటా గమే ద్రాక్షదే ఉండాలి, పీనో నువార్ అనే మరో రకం దానికి తోడు మాత్రమే. ఒక వాలులో పీనో నువార్ ఒక్కటే అద్భుతంగా పండినా, దాన్ని విడిగా సీసాలో పోస్తే ఆ పేరు దక్కదు. పాత కార్మికుల తోటల్లో కలగలిసి ఉన్న మరుగున పడిన రకాలకూ చోటు లేదు. పైగా రుచి పరీక్ష ఉంటుంది. వడకట్టక మసకగా ఉన్న వైన్‌ను ‘ఈ ప్రాంతపు తీరు కాదు’ అని తిప్పి పంపవచ్చు. అందుకే కొందరు తిరస్కారం ఎదురై, కొందరు అసలు అడగకుండానే, వాఁ ద ఫ్రాఁస్ కిందకు వెళ్ళిపోయారు. ఆ వర్గంలో 2009 నుంచి ద్రాక్ష రకాన్నీ పంట సంవత్సరాన్నీ రాసుకోవచ్చు గానీ, ప్రాంతం పేరు రాయకూడదు. వోల్విక్‌లో ‘నో కంట్రోల్’ పేరుతో వైన్ చేసే వాఁసాఁ మరీ తన గమే సీసాకు ‘మాగ్మా రాక్’ అని పేరు పెట్టుకున్నారు. లావాను తలచుకోవడానికి చట్టం అడ్డురాదు, ఓవెర్న్ అనడానికే వస్తుంది.

దీనికి ఎదురుగా చెప్పే వాదన బలహీనమైనది కాదు. పేరు ఒక్క మనిషిది కాదు, ఊరందరిదీ. నియమాలు లేకపోతే రేపు ఎవడో బయటి ద్రాక్ష తెచ్చి ఓవెర్న్ అని అమ్ముతాడు. అది నిజమే. 2021 ఏప్రిల్‌లో లాగా మంచు మొగ్గలను మాడ్చేసిన ఏడాదుల్లో, బతకడం కోసం దక్షిణం నుంచి ద్రాక్ష కొని వైన్ చేసిన సహజ రైతులూ ఉన్నారు. ఆ సీసాల మీద ఓవెర్న్ పేరు ఉండకూడదని నేనూ అంటాను. నేను అడుగుతున్నది వేరు. పండు ఎక్కడ కాసిందన్నది ఒక వాస్తవం. అది ఎలాంటి రుచిలో ఉండాలన్నది ఒక సంఘం తీర్పు. ఈ రెండింటినీ ఒకే పేరుతో కట్టేసి, రెండోది ఒప్పుకోనివాడికి మొదటిదాన్ని చెప్పుకునే హక్కు కూడా తీసేశారు. ఇదే వాలులో కలుపుమందు కొట్టి, కొన్న ఈస్ట్‌తో పులియబెట్టి, వడకట్టి మెరిసేలా చేసిన వైన్‌కు ఓవెర్న్ అనే పేరు దొరుకుతుంది. గట్టు అవతల, గడ్డిని చేత్తో కోసి, ఈ కొండ మీది ఈస్ట్‌తోనే పులియబెట్టిన దానికి దొరకదు. ఇద్దరిలో ఎవరి సీసాలో ఊరు ఎక్కువగా ఉంది? పోచంపల్లి నేతగాడు ఒకరు కొత్త నమూనా నేశాడని, చీర మీద ఊరి పేరు తీసేయమంటే మనం ఊరుకోము.

పేరు లేకపోవడం వల్ల అమ్మకాలు ఆగలేదు కదా, టోక్యోలో ఎగబడి కొంటున్నారు కదా అని నా మిత్రులే అన్నారు. అమ్మకం ఆగలేదు. కానీ కొనేవాడికి గుర్తుండేది రైతు పేరు, చీటీ మీది బొమ్మ. ఊరికి ఏమీ మిగలదు. ఆ రైతు మానేసిన రోజున, ఫలానా వాలులో ఫలానా తరహా వైన్ వచ్చేదన్న జ్ఞాపకం కూడా అతనితోనే పోతుంది. అప్పుడు ఆ ముసలి గమే తోటను కాపాడాలని ఎవరికి అనిపిస్తుంది? 40,000 హెక్టార్లు నాలుగు తరాల్లో ఎలా మాయమయ్యాయో చూసిన ప్రాంతానికి ఇది ఊహించరాని విషయం కాదు. వాఁ ద ఫ్రాఁస్ చీటీ వెనుక, పండు కాసిన ఊరినీ జిల్లానూ, నిరూపించగలిగిన మేరకు, ఒక వాస్తవంగా రాసుకోనివ్వాలి. అపెలాసియోఁ గౌరవం దాని దగ్గరే ఉంటుంది, ఎవరూ దాన్ని లాక్కోరు.

ఆ రోజు మా నాన్నకు నేను సీసా తిప్పి ఆ అంకెలు చూపించి, మన వరంగల్ పిన్ కోడ్‌లోని 506 లాంటిదే ఇది, వీళ్ళ జిల్లా అని చెప్పాను. “పిన్ కోడ్ రాసినోళ్ళు పేరెందుకు రాయలే?” అన్నారు. ఊరి పేరు చట్టం కాపాడే పేర్లలో ఒకటైనప్పుడు, ఈ వర్గం సీసా మీద తయారీదారు చిరునామాలో సైతం దాన్ని రాయనివ్వరని, దాని బదులు పోస్టల్ కోడ్ వేయడం అక్కడి పద్ధతని చెప్పాను. బూద్‌లో పుట్టి, బూద్‌లోనే ఉంటూ, బూద్ మట్టిలో పండించినవాడు కూడా తన ఇంటి చిరునామాలో 63తో మొదలయ్యే ఆ అయిదు అంకెలే వేసుకోవాలి.